వచ్చు

అరండల్‌పేటలో మా జిరాక్సు షాపు మెట్లు
మిట్టమధ్యాహ్నం ముగ్గురు ముసలివాళ్ళు ఎక్కివచ్చారు.
షష్టిపూర్తి కార్డులేమో అనుకున్నాను.

ఒకాయన నరహరి గారట, ఇంకొకాయన దైవసహాయం గారట.
మూడో ఆయన పేరు చెప్పలేదు.
ముప్పయ్యేళ్ళ అలవాటు, ఏమీ అనుకోకమ్మా, అన్నారు.

మడతల దగ్గర చిరగబోతున్న కాగితం
నా కీబోర్డు పక్కన పరిచి
ఒక్క మాట కూడా మార్చొద్దన్నారు.
ఒక్క మాట మార్చినందుకే ఇదంతా.

కొడుతూ చదివాను.
ఆకాశం నుంచి తీసిన ఫోటో. సరిహద్దు అవతల ఊరు.
కిటికీల్లేని పొడుగాటి కట్టడం, రేకుల కప్పు,
వాకిట్లో తొమ్మిది లారీలు.
నరహరి గారు పుట్టింది ఏటుకూరు రోడ్డులో,
మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల నీడన.
కిటికీల్లేని గోడ చూస్తే ఆయనకు మొదట తగిలేది
చలి.
అందుకని రాశారు:
ఆయుధాల గోదాము కావచ్చు,
పళ్ళు దాచే చోటూ కావచ్చు.

పై అంతస్తు ఎక్కేసరికి రెండో ముక్క లేదు.
ఆ పై అంతస్తులో మొదటి ముక్కకి తోక తెగింది.
టీవీలో మంత్రిగారి నోట పడేసరికి
గోదామే. ఆయుధాలే. అనుమానమే లేదు.

"యార్డులో టిక్కీ విప్పడం చూశావుగా" అన్నారు దైవసహాయం గారు.
"పైన నిగనిగలాడే ఎర్రకాయ,
మోచేతిదాకా చెయ్యి దించితే తాలు.
ఆ పై వరస మా చేతే పేర్పించారమ్మా."

మొదటి రాత్రే రేకులు లేచిపోయాయి.
లోపల దానిమ్మకాయల పెట్టెలు,
వాటి మధ్య పడుకున్న ముఠా కూలీలు ఇరవై ఆరుగురు.

ఆ తర్వాత మనవాళ్ళు వెళ్ళారు.
మా పక్క సందులో కుట్టుమిషను రత్నావతి కొడుకూ వెళ్ళాడు.
పదకొండు నెలలుగా కబురు లేదు.
జాకెట్టుకి హుక్సు కుడుతూ, తలెత్తకుండా,
రావచ్చు, అంటుంది.
ఆ "వచ్చు"ని మాత్రం ఎవరూ తెంపరు.

శనివారం బెజవాడలో, గాంధీనగర్‌లో,
ఫ్యాను చప్పుడు కింద కాగితం చదివారు.
ప్రతులు మోసుకుని నేనూ బస్సులో వెళ్ళాను.
పదకొండు మంది విలేకర్లు, గరగరలాడే మైకు,
సమోసాలు వచ్చేదాకా రాసుకోని చేతులు.
ఒక కుర్రాడు లేచి అడిగాడు:
ఉద్యోగంలో ఉండగా నోరెందుకు లేవలేదు సార్?

నరహరి గారు గ్లాసెత్తి సగం తాగారు.
"మార్చిన కాగితం కిందా నా పొడి అక్షరాలున్నాయి బాబూ.
మరుసటేడే నా పింఛను."
అంతే. ఆ మాట నేను కొట్టిన కాగితంలో లేదు.

సంతకాలప్పుడు మూడో ఆయన
ఇంటిపేరు, ఊరు, తండ్రిపేరు అన్నీ రాశారు.
రాసి, తన చేతిరాత తనే కొత్తగా చూసుకున్నారు.

ఆదివారం పేపర్లో ఏడో పేజీ,
బంగారం ధరల కింద నాలుగు వరసలు.

సోమవారం షాపు ముందు బండి ఆగింది.
బండి దిగకుండా, హెల్మెట్ తియ్యకుండా,
మెట్ల కిందనుంచే అడిగాడతను:
ఆ కాగితం కొట్టింది మీరేనా?

"కావచ్చు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చింది నోటికి.
ఆ ముసలాయన నిలబెట్టుకోలేకపోయిన మాట,
ఇరవై ఆరుగురిని కాచివుండాల్సిన మాట,
గొడుగులా తెరిచి నేను దాని కింద దూరాను.

అతను బండి స్టార్టు చేస్తున్నాడు.
చెప్పులేసుకోకుండానే మెట్లు దిగి
ఈసారి తోక నేనే తెంపాను.
నేనే, అన్నాను.
ఇంటిపేరు కూడా రాసుకోమన్నాను.